తులం గుండు

మా పక్కింటి పెద్దాయన తూటాలు బజార్లో కొనరు. బేస్‌మెంట్‌లో కూర్చుని సొంతంగా నింపుకుంటారు. బల్ల మీద ఖాళీ ఇత్తడి కేసులు, ప్రైమర్లు, మందు డబ్బాలు, రాగి తొడుగు వేసిన సీసం గుండ్లు, వాటి మధ్య అరచేయంత తూకం మిషన్ ఉంటాయి. కేసు, దాని అడుగున మందుని అంటించే ప్రైమర్, మందు, గుండు కలిస్తే తూటా; అందులోంచి దూసుకుపోయేది గుండు మాత్రమే. ఒక సాయంత్రం ఊరికే ఒక గుండు తీసి ఆ తూకంలో పెట్టాను. డబ్బా మీద 180 గ్రెయిన్లని రాసి ఉంది. గ్రెయిన్ అంటే గుండునీ మందునీ తూచే చిన్న కొలత. బటన్ నొక్కి గ్రాముల్లోకి మారిస్తే 11.66 అని చూపించింది.

ఆ అంకె నాకు తెలుసు. మా నాయనమ్మ బంగారం లెక్కంతా తులాల్లోనే ఉండేది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. పెన్సిల్వేనియా అడవిలో జింకను కొట్టే గుండునీ, మార్కాపురం దగ్గర పల్లెలో మా నాయనమ్మ మెడలోని నానుతాడునీ ఒకే రాయి వేసి తూచొచ్చన్నమాట. ఇప్పుడు బంగారం షాపుల్లో తులం అంటే 10 గ్రాములే. నేను తూచిన గుండు ఏ తూటాలో పెడతారో, అదే తూటాకి బాగా అమ్ముడుపోయే ఇంకో గుండు 150 గ్రెయిన్లది. 9.72 గ్రాములు, దాదాపు కొత్త తులం. పాత తులమా కొత్త తులమా అన్న మాట మీద ఇక్కడి జింకల వేటగాళ్లు రాత్రంతా వాదించుకోగలరు.

ఆ తూటా పేరు థర్టీ ఆట్ సిక్స్, రాసేటప్పుడు .30-06. నా దగ్గరున్న పెద్ద రైఫిల్ ఇదొక్కటే. నేను దాని పక్షమే. కానీ దాన్ని పొగిడేవాళ్లలో చాలామంది చెప్పే కారణం తప్పనీ, ఆ తప్పు కారణాన్ని నమ్మి కొత్తవాళ్లు జింకల్ని గాయపరుస్తున్నారనీ నా గట్టి అభిప్రాయం. అలా గాయపడ్డ జింకల్లో ఒకటి నా చేతిలో పోయింది.

ముందు తూటా సంగతి చెప్తాను. పేరులో 30 అంటే రైఫిల్ గొట్టం కొలత, అంగుళంలో వందకి ముప్పై వంతులు. 06 అంటే 1906. అమెరికా సైన్యం 1903లో కొత్త రైఫిల్‌తో పాటు ఒక తూటా తీసుకొచ్చింది. దాని గుండు 220 గ్రెయిన్లు, ముక్కు గుండ్రంగా ఉండేది. 1905లో జర్మనీ సైన్యం మొనదేలిన తేలిక గుండుకి మారింది. అది గాలిని చీల్చుకుంటూ ఎక్కువ వేగంతో, ఎక్కువ దూరం తిన్నగా పోతుంది. దాని ముందు అమెరికా తూటా రెండేళ్లకే ముసలిదైపోయింది. వెంటనే కేసు మెడ కాస్త తగ్గించి, 150 గ్రెయిన్ల మొనదేలిన గుండు పెట్టి, సెకనుకి 2,700 అడుగుల వేగంతో 1906లో కొత్తది తెచ్చారు. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం అమెరికా దీనితోనే చేసింది. 1950ల్లో సైన్యం ఇంకా పొట్టి తూటాకి మారింది. వేటగాళ్లు మారలేదు.

ఎందుకు మారలేదంటే అందరూ ముందు థియొడర్ రూజ్‌వెల్ట్ పేరు చెప్తారు. పదవి దిగిన వెంటనే 1909లో ఆఫ్రికా వేటకి పోతూ ఆయన తీసుకెళ్లిన రైఫిళ్లలో ఇదీ ఉంది. నిజమే కానీ, నా లెక్కలో అసలు కారణం అధ్యక్షులు కారు, సిపాయిలు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన లక్షల మంది కుర్రాళ్లకి కళ్లు మూసుకుని వాడగలిగిన తూటా ఇదొక్కటే. సైన్యం వదిలించుకున్న రైఫిళ్లు చవగ్గా దొరికేవి. బొగ్గు గనిలో పనిచేసేవాడో, పాడి రైతో జీవితంలో ఒక్క రైఫిల్ కొనగలడు. ఆ ఒక్కదానితో జింకా పడాలి, ఎలుగూ పడాలి, ఎప్పుడన్నా పడమటి రాష్ట్రాలకి పోతే ఎల్క్ అనే పెద్ద జాతి జింకా పడాలి. థర్టీ ఆట్ సిక్స్‌లో గుండు మారిస్తే సరిపోతుంది. జింకకి 150, ఎల్క్‌కి 180, పెద్ద ఎలుగుకి 220. "అన్నిటికీ పనికొచ్చే తూటా" అన్న పేరు అలా వచ్చింది. అది న్యాయంగా సంపాదించుకున్న పేరే. 1925లో వచ్చిన .270, 1957లో వచ్చిన .280, ఇంకా ఎన్నో తూటాలు ఈ కేసు మెడని నొక్కో, సాగదీసో చేసినవే. అందరికీ తల్లివేరు ఇదే.

వేట మాట ఎత్తగానే మనవాళ్లు చాలామంది ముఖం తిప్పుకుంటారు, అది నాకు తెలుసు. నేను పుట్టిన ఊరు నల్లమల అంచున ఉంది. అక్కడ దుప్పి మీద, కణితి మీద చెయ్యి వేస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకి పోతారు, పోవాలి కూడా. ఆ అడవిలో పులి బతకాలంటే దుప్పి ఉండాలి. ఇక్కడి లెక్క వేరు. పెన్సిల్వేనియాలో తోడేళ్లూ కొండ సింహాలూ అంతరించి వందేళ్లు దాటింది. తెల్లతోక జింక, మన దుప్పికి దూరపు చుట్టం, అడ్డూ అదుపూ లేకుండా పెరిగితే అడవిలో ఓక్ మొలకలు మిగలవు, రాత్రిపూట రోడ్డు మీద కార్లూ మిగలవు. అందుకే ఎన్ని కొట్టాలో, ఏవి కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో రాష్ట్రమే నిర్ణయించి లైసెన్సులు ఇస్తుంది. రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది.

మా అమ్మకి ఈ లెక్కలేవీ పట్టవు. మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నోరులేని జీవం నాయనా. కొట్లో మాంసం దొరకట్లేదా మీకు?" అంది. కొట్లో మాంసం కూడా ఒక జీవమేననీ, అది బతికినన్నాళ్లూ ఎండ మొహం చూసి ఉండకపోవచ్చనీ చెప్పాను. "ఒక్క దెబ్బతో పోతుందమ్మా, దానికి తెలిసేలోపే" అని మాటిచ్చాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

(హెచ్-1బి మీద ఉన్న స్నేహితులు నన్ను తరచుగా అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అయినా లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.)

పెద్దాయన వాళ్ల నాన్న కట్టిన క్యాంపు పెన్సిల్వేనియాలోనే పాటర్ కౌంటీలో ఉంది. రేకుల కప్పు, కట్టెల పొయ్యి, గోడలకి పాత కొమ్ములు. రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం) తర్వాత వచ్చే శనివారం మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేది, ఆ రోజు బడులు కూడా మూసేసేవాళ్లు. ముందురోజు రాత్రి పొయ్యి చుట్టూ చేరితే తూటాల మాట రాకుండా ఉండదు.

పెద్దాయనది రెమింగ్టన్ 760, పంపు రైఫిల్. గొట్టం కింది పట్టుని వెనక్కీ ముందుకీ లాగితే తర్వాతి తూటా ఎక్కుతుంది. ఈ రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకి, తనంతట తనే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ ఒప్పుకోరు కాబట్టి, త్వరగా రెండో తూటా ఎక్కించుకోవాలనుకునే తరం అంతా ఈ పంపు రైఫిల్ కొంది. చెక్క మీద వార్నిష్ పోయి, చెయ్యి పట్టే చోట నల్లగా నిగనిగలాడుతుంటుంది. "తూటా గురించి ఆలోచించడం మానేయడానికే దీన్ని కొన్నాను" అంటారాయన. నాకు తెలిసి థర్టీ ఆట్ సిక్స్ గురించి ఎవరూ ఇంతకంటే మంచి మాట అనలేదు. ఆయనకి ఏ దూరంలో గుండు ఎంత కిందికి దిగుతుందో లెక్క అక్కర్లేదు, చేతికే తెలుసు.

ఆయన మనవడిది 6.5 క్రీడ్‌మోర్. 2007లో వచ్చిన తూటా. గాలిని బాగా చీల్చే సన్నటి పొడుగు గుండు, తక్కువ మందు, కాల్చినప్పుడు భుజానికి తక్కువ తన్ను. ఆ కుర్రాడి వాదన సూటిగా ఉంటుంది. థర్టీ ఆట్ సిక్స్ పొడుగు కేసు, పొడుగు బోల్ట్, యాభై అరవై గ్రెయిన్ల మందు, ఇదంతా 1906 నాటి మందు బలహీనంగా ఉండబట్టి అవసరమైందని, ఇప్పటి మందుతో అంత పెద్ద కేసు అక్కర్లేదని. మాట నిజమే. కానీ దూరం విషయంలో అతను చెప్పే గొప్పలు మా అడవికి వర్తించవు. 200 గజాల దగ్గర గురి సరిచేసి పెట్టుకుంటే, 300 గజాల దగ్గర రెండు గుండ్లూ దాదాపు ఒకేలా, ఎనిమిది అంగుళాల దాకా దిగుతాయి. తేడా అంగుళం అటూ ఇటూ. క్రీడ్‌మోర్ గొప్పతనం కనపడేది ఆ పైన, 500 గజాలు దాటాక. అంత దూరంలో బతికున్న జింక మీద కాల్చే హక్కు నాకైతే లేదనుకుంటాను.

పెద్దాయన చెల్లెలు రిటైరైన నర్సు. ఆమె దగ్గర ఉన్నది .30-30 లీవర్ రైఫిల్. 1895 నాటి తూటా, థర్టీ ఆట్ సిక్స్ కంటే పదకొండేళ్లు పెద్దది. దాని బలం గొట్టం దగ్గరే 1,900 అడుగు-పౌన్లు. థర్టీ ఆట్ సిక్స్‌ది 2,900. ఆమె ఆ అంకెలు వినీ విననట్టు ఊరుకుని, "ఈ అడవిలో వంద గజాలు కనపడే చోటు ఒకటి చూపించండి" అంటుంది. హెమ్లాక్ చెట్ల గుబురుల్లో నిజంగానే చూపించలేం. ఇంకో మాట కూడా అంటుంది, మాంసం గురించి. నెమ్మదిగా పోయే బరువు గుండు తగిలిన చోట రంధ్రం అంచుదాకా కోసుకు తినొచ్చట. వేగంగా పోయే మెత్తటి గుండు దగ్గర్నుంచి భుజం ఎముకకి తగిలితే ఆ భుజమంతా నెత్తురు గడ్డ కట్టి పారేయాల్సిందే. అది నేను కళ్లారా చూశాను. ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు.

నాలుగో మనిషి ఒకాయన ఉంటారు ప్రతి క్యాంపులోనూ. ఆయన వాదన ఇది: "ఎక్కువ బలం ఉంటే నష్టమేముంది? కాస్త పక్కకి తగిలినా జింక పడిపోతుంది." నేను మొదటి రైఫిల్ కొన్నప్పుడు దుకాణంలో అబ్బాయి చెప్పిందీ ఇదే. థర్టీ ఆట్ సిక్స్ తీసుకోండి, 180 గ్రెయిన్లు తీసుకోండి, అన్నిటికీ పనికొస్తుంది, కొంచెం గురి తప్పినా అదే చూసుకుంటుంది, అని. నేను నమ్మాను. కొత్తవాడిని, మొదటిసారి తప్పు జరగకూడదన్న టెన్షన్ ఉంది, పెద్ద తూటా నాకు భరోసాలా అనిపించింది.

ఆ రైఫిల్ తేలికగా ఉంటుందని ఏరుకుని మరీ కొన్నాను. కొండలెక్కాలి కదా అని. ప్లాస్టిక్ స్టాక్, భుజానికి ఆనే చోట గట్టి ప్లాస్టిక్ పలక. రేంజ్‌లో ఇసుక సంచుల మీద ఆనించి మూడు తూటాలు కాలిస్తే వంద గజాల దగ్గర రెండంగుళాల్లో పడ్డాయి. నాకు సంతోషమైంది. ఇంకో ఆరు కాల్చాను. భుజం కమిలిపోయింది, రాత్రి పక్కకి తిరిగి పడుకోలేకపోయాను. మళ్లీ రేంజ్‌కి పోలేదు. సీజన్ మొదటి రోజుకి నా అనుభవం మొత్తం తొమ్మిది తూటాలు.

మంచె మీద కూర్చున్నాను. దాన్ని ఇక్కడ ట్రీ స్టాండ్ అంటారు, నాకు మాత్రం మా తాత వేరుశనగ చేలో పందుల కాపలాకి వేసిన మంచే. ఉదయం ఎనిమిదిన్నరకి ఆడ జింక ఒకటి వచ్చింది. ఆడ జింకకి లైసెన్సు ఉంది నాకు. ఎనభై గజాలు. పక్కకి తిరిగి నిలబడింది, అంతకంటే మంచి భంగిమ దొరకదు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందుకాలి వెనకాల, మన టిఫిన్ ప్లేటంత. స్కోప్‌లో అడ్డగీత అక్కడే ఉంది. ట్రిగ్గర్ లాగాను.

జింక ఎగరలేదు. నడుము విల్లులా వంచి, తోక దించుకుని, నడిచినంత మెల్లగా పొదల్లోకి పోయింది. ఆ నడక అర్థమేమిటో అప్పటికి నాకు తెలియదు. దిగి వెళ్లి చూస్తే ఆకుల మీద నెత్తురు చాలా తక్కువ, మధ్య మధ్య పచ్చటి జిగురు, నమిలిన ఆకుల వాసన. పెద్దాయన వచ్చి, వంగి ఒక ఆకు తీసి వాసన చూసి, మళ్లీ అది ఉన్నచోటే పెట్టారు. "పొట్ట" అన్నారు, అంతే. పొట్టలో తగిలిన జింక వెంట అప్పుడే పడకూడదు. పడితే భయపడి మైళ్లు పోతుంది. దాన్ని పడుకోనివ్వాలి. గంటలు ఆగాలి. సాయంత్రం దాకా ఆగి, రైఫిళ్లు క్యాంపులో పెట్టి, టార్చిలు పట్టుకుని వెతికాం. దొరకలేదు. మర్నాడు పొద్దున హెమ్లాక్ గుబురు కింద కనపడింది. చుట్టూ మంచు మీద అది లేచి పడుకున్న గుర్తులు మూడు చోట్ల ఉన్నాయి. కొయెట్లు, అంటే ఇక్కడి నక్కల్లాంటివి, మా కంటే ముందే వచ్చి వెనక భాగం తినేశాయి.

పూర్తి తులం గుండు. 2,900 అడుగు-పౌన్లు. ఒక జానెడు వెనక్కి తగిలింది. ఆ బలం జింకకి ఏ మేలూ చేయలేదు.

ఆ ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

డిసెంబర్లో పెద్దాయన నన్ను రేంజ్‌కి తీసుకెళ్లారు. ఆయన నాకు వీపు చూపించి, నా రైఫిల్‌లో ఒక్కొక్క తూటా పెట్టి ఇస్తున్నారు. ఇసుక సంచి లేదు, మోకాలి మీద కూర్చుని కాల్చాలి. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోదానికి నేను ట్రిగ్గర్ లాగితే "టిక్" అని చిన్న చప్పుడు వచ్చింది, పేలలేదు. అది మందు లేని డమ్మీ తూటా. కానీ గొట్టం మొన ఒక్కసారిగా కిందికీ ఎడమకీ కొట్టుకుంది. నా కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. తన్నని తుపాకికి నేనే ఎదురు తన్నాను. పేలిన తూటాల దగ్గర కూడా అదే జరుగుతోంది, చప్పుడూ కుదుపూ దాన్ని దాచేస్తున్నాయి. ఆయన తిట్టలేదు. మళ్లీ తూటా పెట్టి ఇచ్చారు. ఆరోది మళ్లీ డమ్మీ. మళ్లీ మొన దిగింది. ఎనభై గజాల్లో ఎనిమిది అంగుళాలు పక్కకి పోవడానికి గొట్టం మొన ఎంత కదలాలో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. రెండు మూడు మిల్లీమీటర్లు చాలు.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. థర్టీ ఆట్ సిక్స్ "అన్నిటికీ పనికొస్తుంది" అన్నప్పుడు ఆ "అన్నిటికీ" అనే మాటలో జింక ఉంది, ఎల్క్ ఉంది, ఎలుగు ఉంది. కాల్చేవాడు లేడు. వందేళ్లుగా ఈ తూటాని గొట్టం ముందున్న జంతువుతోనే కొలుస్తున్నారు. గొట్టం వెనకున్న భుజంతో కూడా కొలవాలి. మూడు కిలోల ఆరువందల గ్రాముల రైఫిల్‌లో 180 గ్రెయిన్ల థర్టీ ఆట్ సిక్స్ తన్ను దాదాపు 20 అడుగు-పౌన్లు. 150 గ్రెయిన్లతో 17, 18 మధ్య. అదే బరువున్న రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ 12 దగ్గర ఉంటుంది, .243 అనే ఇంకో చిన్న తూటాది ఇంకా తక్కువ, 9. నాది తేలిక రైఫిల్ కాబట్టి 20 కూడా దాటి ఉంటుంది. మొదటి యుద్ధంలో ఈ తూటా కాల్చిన సిపాయి రైఫిల్ నాలుగు కిలోలు. పైగా వాడికి శిక్షణలో రోజుల తరబడి కాల్పించేవాళ్లు. వాడి తూటా మాత్రం మనకి వారసత్వంగా వచ్చింది, వాడి సాధన రాలేదు.

"మగాడివి, ఆ మాత్రం తన్ను ఓర్చుకోలేవా" అనేవాళ్లు ఉన్నారు. ఓర్చుకోవచ్చు. భుజం నొప్పి సమస్యే కాదు. ఒంటికి తెలిసిపోయిన దెబ్బకి ఒళ్లు మన అనుమతి లేకుండా ముందే ముడుచుకుంటుంది. ఇంజెక్షన్ చూసిన పిల్లాడి చెయ్యి బిగుసుకున్నట్టే. దాన్ని పోగొట్టడానికి కావాల్సింది వేల సార్లు మెత్తగా ట్రిగ్గర్ లాగడం. అది తన్నే తుపాకితో కుదరదు.

"జింక ముందు నిలబడితే తన్ను తెలియదు" అనే మాట కూడా వింటాను. నిజమే, తెలియదు. నాకూ ఆ ఉదయం భుజానికి ఏమీ తగిలినట్టే అనిపించలేదు. కానీ ఉలికిపాటు గుండు బయటికి పోకముందే జరిగిపోతుంది. తెలియకపోవడం వల్ల అది ఆగదు.

ఇంకోవైపు, కొత్త తూటా అభిమానులు ఇదంతా చదివి "చూశారా, మేం ముందే చెప్పాం" అంటారు. వాళ్లతోనూ నేను లేను. తప్పు ఆ తూటాది కాదు, అది నా చేతికి వచ్చిన వరసది. ఆ శీతాకాలం అంతా రోజుకి ఇరవైసార్లు ఖాళీ రైఫిల్‌తో, గోడ మీద చుక్క పెట్టి ట్రిగ్గర్ లాగాను. వేసవి మొత్తం .22 అనే చిన్న తూటా రైఫిల్‌తో కాల్చాను, వారానికి రెండు డబ్బాలు. ప్లాస్టిక్ పలక తీయించి మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించాను. తర్వాత 125 గ్రెయిన్ల తగ్గింపు లోడ్లు, అంటే తన్ను తగ్గించి చేసిన తూటాలు, అవి ఎంత మెత్తగా ఉంటాయంటే ఇదే రైఫిలా అనిపిస్తుంది. చివరికి 150. ఒక పూటకి పదికి మించి కాల్చను, ఇప్పటికీ. అన్నిట్లోకీ నాకు బాగా నచ్చిన గుణం ఇదే. 125 నుంచి 220 దాకా ఒకే గొట్టంలో ఎక్కుతూ పోవచ్చు. దుకాణంలో అబ్బాయి ఈ మెట్లు నాకు చూపించి ఉంటే బాగుండేది. పైమెట్టు ఒక్కటే చూపించాడు.

జింకకి 180 ఎందుకు అని అడిగితే ఇప్పటికీ ఎవరూ నాకు సరైన కారణం చెప్పలేదు. నిండుగా పెరిగిన మగ తెల్లతోక జింక అరవై, డెబ్బై కిలోలు. పక్క నుంచి పక్కకి రొమ్ము అడుగు కూడా ఉండదు. 150 గ్రెయిన్ల గుండు ఇటు దూరి అటు పోతుంది. పాత తులం ఎల్క్‌కి దాచుకోండి. జింకకి కొత్త తులం ఎక్కువే.

నేను ఇప్పుడు వాడేది పూర్తిగా రాగి గుండు. సీసం గుండు ఎముకకి తగిలినప్పుడు చిట్లి, కంటికి కనపడని రవ్వలు మాంసంలోకి చాలా దూరం పోతాయి. ఎక్స్‌రేలో ఇసక చల్లినట్టు కనపడతాయి. ఆ మాంసం మా పిల్లలు తింటారు. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం మొత్తంగా ఆపేసింది. మా దగ్గర అలాంటి నిషేధం లేదు కాబట్టి క్యాంపులో దీని మీద వాదన ఇంకా సాగుతూనే ఉంది. రాగిది ఖరీదు ఎక్కువ, పాత రైఫిళ్లకి అన్నిసార్లూ కుదరదు అంటూ పెద్దాయన దానికి మారరు. ఒకసారి జింక అవతలి వైపు తోలు కింద ఆగిపోయిన నా గుండు తీసి ఆయన చేతిలో పెట్టాను. ముందు భాగం నాలుగు రేకులుగా విచ్చుకుని, వెనక భాగం చెక్కు చెదరకుండా ఉంది. బేస్‌మెంట్‌కి తీసుకెళ్లి తూచారు. గ్రెయిన్ కూడా తగ్గలేదు. ఏమీ అనలేదు కానీ దాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు.

ఎక్కడైనా దొరుకుతుంది అన్నది ఈ తూటాకి చెప్పే ఇంకో గొప్ప. పల్లెటూరి హార్డ్‌వేర్ షాపులో కూడా ఉంటుందంటారు. మామూలు రోజుల్లో నిజం. 2020 తర్వాత తూటాల కరువు వచ్చినప్పుడు మా వైపు అలమారాల్లో ఇదీ లేదు, అదీ లేదు. అప్పుడు పెద్దాయన బేస్‌మెంట్ ఒక్కటే ఆదుకుంది. కాబట్టి ఆ వాదనకి నేను పెద్దగా విలువ ఇవ్వను.

మా అమ్మాయికి పదమూడు నిండాయి. పోయిన ఏడాది వేట శిక్షణ క్లాసు పాసైంది, జూనియర్ లైసెన్సు వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజే పెద్దాయన తన 760 ఒక పాత దుప్పటిలో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన మనవడు దాన్ని తీసుకోనన్నాడని నాకు తెలుసు. మా పిల్లకి ఇవ్వాలని వచ్చారు. నాన్న క్యాంపు, తన రైఫిల్, ఆయన దగ్గర ఉన్న విలువైనవి ఆ రెండే.

నేను వద్దన్నాను. ఆయన అంత ప్రేమగా తెచ్చినదాన్ని కాదనడం నాకు చాలా కష్టమైంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చేతిలో పెట్టింది వెనక్కి ఇవ్వం కదా. కానీ పిల్ల బరువు నలభై రెండు కిలోలు. "దానికి ఇది ఇప్పుడే వద్దండీ. నన్ను మీరే చూశారు కదా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పది రోజులు మాట్లాడలేదు.

మనవడి క్రీడ్‌మోర్ అడిగి తెచ్చుకున్నాం. పిల్ల ఆగస్టు దాకా .22, ఆ తర్వాత అది. ఎప్పుడూ పన్నెండు తూటాలు దాటనివ్వలేదు. అక్టోబర్ చివర్లో ఒక శనివారం రేంజ్‌కి పోతే పెద్దాయన అప్పటికే అక్కడున్నారు. నాతో ఏమీ మాట్లాడకుండా, పిల్ల చేతిలోంచి రైఫిల్ తీసుకుని, వీపు మా వైపు తిప్పి తూటా పెట్టి ఇచ్చారు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోది "టిక్". నేను గొట్టం మొననే చూస్తున్నాను. కదల్లేదు. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి, స్కోప్‌లోంచి తల తీయలేదు. ఆయన ఇంకో రెండుసార్లు డమ్మీ పెట్టారు. రెండుసార్లూ కదల్లేదు.

తర్వాత ఆయన తన కారు డిక్కీ తెరిచారు. 760 అందులోనే ఉంది, అదే దుప్పటిలో. ఒకసారి విప్పి, చెక్క మీద చెయ్యి పట్టీ పట్టీ నల్లబడ్డ చోటు పిల్లకి చూపించారు. "ఇది నీదే. తొందరేం లేదు" అని చెప్పి, మళ్లీ చుట్టి, డిక్కీ మూసేశారు.